డాక్టరు చీటీలో రాయని మందు



పోయిన సంచికలో మోకాళ్ల నొప్పుల గురించి రాశాక చాలా ఉత్తరాలు, ఫోన్లు వచ్చాయి. ఎక్కువమంది అడిగింది నూనెల గురించి, నడక గురించి. వాళ్లకు విడివిడిగా జవాబులిచ్చాను. ఉడుమలైపేట పక్క నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరానికి మాత్రం నాలుగు ముక్కల్లో జవాబు చెప్పడం కుదరలేదు. ఆమె రాసింది ఇంతే: "మా అమ్మకు డెబ్భై నాలుగేళ్లు. రక్తపరీక్ష, ఈ.సి.జి., స్కానింగు అన్నీ తీయించాము. అన్నీ బాగున్నాయన్నారు. రిపోర్టులు బాగున్నాయి గానీ అమ్మ బాగా లేదు. ఏం మందు వాడాలి?"

ఈసారి శీర్షిక అంతా ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను. ఎందుకంటే అది ఆమె ఒక్కరి ప్రశ్న కాదు. 2011 జనాభా లెక్కల నాటికే తమిళనాడులో నూటికి పది మందికి పైగా అరవై దాటినవాళ్లు. దేశం మొత్తం మీద చూస్తే అది ఎనిమిదిన్నర చిల్లర. అంటే మన వీధుల్లో పెద్దవాళ్లు ఎక్కువ, ఇళ్లలో వాళ్లతో మాట్లాడే మనుషులు తక్కువ. మీ ఇంట్లోనూ, మీ పక్కింట్లోనూ ఇలాంటి ఒక అమ్మో, నాయనో ఉండే ఉంటారు.

మా వారు పొల్లాచ్చి మార్కెట్ రోడ్డులో ముప్ఫై ఎనిమిదేళ్లు మందుల షాపు నడిపారు. సాయంత్రం పూట నేను కూడా వెళ్లి గల్లాపెట్టె దగ్గర కూచునేదాన్ని. నెలకు సరిపడా ముప్ఫై మాత్రలు ఒకేసారి కొనగలిగిన స్తోమత ఉండి కూడా, పది మాత్రల అట్ట ఒక్కటే కొనుక్కుపోయే పెద్దవాళ్లు కొందరుండేవారు. ఎందుకో చెప్పనా? నెల మందులు ఒక్కసారే కొంటే షాపుకు ఒక్కసారే రావాలి. పదేసి కొంటే మూడుసార్లు రావచ్చు. మా వారు ఒక స్టూలు వేసేవారు. దాని మీద కూచుని, వాన పడలేదనీ, కొబ్బరికాయ ధర దిగిందనీ, గురువారం సంతలో ఫలానా ఎద్దుల జత ఎంతకు పోయిందనీ, అమెరికా నుంచి మనవడు ఫోన్ చేశాడనీ చెప్పి, అరగంటకు లేచేవారు. వచ్చినప్పుడు ఉన్న దగ్గు వెళ్లేటప్పుడు ఉండేది కాదు సుమండీ!

ఆ స్టూలునే ఇప్పుడు ఒక పెద్ద దేశం తన వైద్యవిధానంలో చేర్చుకుందంటే నమ్ముతారా?

మనుషుల్ని రాసిచ్చే చీటీ

ఇంగ్లండులో ఈ పద్ధతిని సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటున్నారు. మన మాటలో చెప్పుకోవాలంటే మందుల చీటీతో పాటు ఇచ్చే మనుషుల చీటీ. తూర్పు లండనులో బ్రామ్లీ బై బో అనే బీదల పేటలో, 1984లో ఒక చర్చి ఆవరణలో మొదలైన సేవాకేంద్రం ఈ దారి తొక్కిన తొలివాటిలో ఒకటి. 2018 జనవరిలో బ్రిటన్ ప్రభుత్వం ఒంటరితనం అన్న విషయాన్ని ఏకంగా ఒక మంత్రికి అప్పజెప్పింది. మరుసటి ఏడు, 2019 జనవరిలో, ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసేవ తన దీర్ఘకాల ప్రణాళికలో వెయ్యిమందికి పైగా 'లింక్ వర్కర్ల'ను నియమిస్తామని ప్రకటించింది.

లింక్ వర్కరు అంటే డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఆస్పత్రికి, ఊరికి మధ్య మనిషి. నిద్ర పట్టడం లేదనో, కడుపులో మంట అనో మాటిమాటికీ ఆస్పత్రికి వచ్చే పెద్దాయన ఒకరున్నారనుకోండి. పరీక్షల్లో ఏమీ కనపడదు. డాక్టరుకేమో బయట వరసలో ఇంకో ఇరవై మంది. అప్పుడు ఆయన్ని లింక్ వర్కరు దగ్గరికి పంపుతారు. ఆ మనిషి తొందరపడకుండా ఎదురుగా కూచుని, "మీకేం జబ్బు?" అని కాకుండా "మీకు ఏది ముఖ్యం? ఏం చేస్తే మీకు రోజు బాగా గడుస్తుంది?" అని అడుగుతారు. భార్య పోయినప్పటి నుంచి సరిగా వండుకోవడం లేదని ఒకరు బయటపెడతారు. బిల్లు బాకీ పడి రాత్రిళ్లు కన్ను మూతపడటం లేదని మరొకరు. ఒకప్పుడు వడ్రంగం చేసేవాణ్ణి, ఇప్పుడు చేతులు ఊరికే ఉన్నాయని ఇంకొకరు. దాన్ని బట్టి తోటపని చేసే జట్టుకో, పాటల బృందానికో, కలిసి నడిచే గుంపుకో, అప్పుల మీద సలహా చెప్పే చోటికో కలుపుతారు. బెరుకుగా ఉన్నవాళ్లకు మొదటి రోజు తోడుగా కూడా వెళ్తారు.

ఇదంతా ఉబుసుపోక చేసే పని అనుకోవద్దు. 2010లో అమెరికా పరిశోధకులు కొందరు 148 అధ్యయనాలను, అందులో ఉన్న మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవాళ్లు ఆ అధ్యయనాలు ముగిసేనాటికి బతికి ఉండే అవకాశం, లేనివాళ్లతో పోలిస్తే యాభై శాతం ఎక్కువని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏర్పాటు చేసిన సంఘం 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక, లోకంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందనీ, దాని మూలంగా ఏటా 8 లక్షల 71 వేల మంది చనిపోతున్నారనీ అంచనా వేసింది. గంటకు వంద మంది అన్నమాట.

అయితే ఒక మాట దాచకుండా చెప్పాలి. మనుషులకు మనుషులు కావాలన్నది తేలిపోయింది గానీ, చీటీ రాసి పంపిస్తే సరిపోతుందా అన్నది ఇంకా తేలలేదు. 2017లో బ్రిటిషు పరిశోధకులే అప్పటిదాకా జరిగిన ప్రయోగాలను పరిశీలించి, అవి చిన్నవనీ, సరిగా కొలిచినవి కావనీ, గట్టి మాట చెప్పడానికి చాలవనీ రాశారు. ఈ సందేహం నాకు చాలా విలువైనదిగా కనిపించింది. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మన తిన్నెలు

ఇది చదివి కొందరు "తెల్లవాళ్లకు ఇప్పుడు తెలిసింది, మనకు ఎప్పుడో ఉంది" అంటారు. నిజమే. నాయకరాజుల కాలం నుంచీ ఈ నేల మీద ఉన్నాం. మన పాత ఇళ్లకు వీధి వైపు తిన్నె ఉండేది. ఆంధ్రదేశంలో దాన్నే అరుగు అంటారు. పొద్దు వాలితే తాతలు తిన్నె మీద, అవ్వలు పెరటి వైపు. మార్గళి నెలలో తెల్లవారుజామున భజన, గురువారం పశువుల సంత, కోవెల తిరునాళ్లు, పెళ్లికి పది రోజుల ముందు నుంచే మురుకులు వత్తడానికి చేరే ఆడవాళ్లు. ముసలివాళ్ల కోసమని విడిగా ఎవరూ ఏమీ చేయలేదు. జరిగే పనిలోనే వాళ్లకు చోటుండేది. ఎవరి పొలం గట్టు ఎక్కడిదో, ఏ ఆవుకు ఏ ఆకు పెట్టాలో, ఎవరి ఇంటికి ఎవరు ఏమవుతారో చెప్పాలంటే వాళ్లే చెప్పాలి.

ఇప్పుడు కొత్త ఇళ్లకు తిన్నెల బదులు ఇనుప గేట్లు, కారు నిలిపే చోటు. తోపులు గుత్తకు పోయాయి. పిల్లలు తిరుప్పూరుకో, కోయంబత్తూరుకో, బెంగుళూరుకో, ఆపై సముద్రాలు దాటో వెళ్లిపోయారు. దీనికి తోడు మనవాళ్లకు ఇంకొక ఇబ్బంది. మన పెద్దలు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది అరవం. తెలుగు పత్రిక ఇస్తే చదవలేరు. మనవలకు అరవం, ఇంగ్లీషు వచ్చినంతగా తెలుగు రాదు. "అవ్వా, నువ్వు చెప్పేది పురియలేదు" అని పిల్లలు నవ్వేస్తారు. నలభై ఏళ్లు ఒక భాషలో కోపగించుకుని, ముద్దుచేసి, మొగుడితో పోట్లాడిన మనిషికి, ఆ భాషలో బదులు పలికేవాళ్లు ఒక్కొక్కరే పోతుంటే ఎట్లా ఉంటుందో ఆలోచించండి. ఇల్లు నిండా జనం ఉన్నా అది ఒంటరితనమే.

అలాగని పాత తిన్నెను మరీ ఆకాశానికి ఎత్తడం నాకిష్టం లేదు. ఆ తిన్నె మీద అందరికీ చోటుండేది కాదు. పొల్లాచ్చి చుట్టుపక్కల తెలుగు మాట్లాడేది తోటలున్నవాళ్లే కాదు, ఆ తోటల్లో తరతరాలుగా చెమటోడ్చినవాళ్లు కూడా. మగ్గం నేసేవాళ్లు, తోలుపని చేసేవాళ్లు, వీధులు ఊడ్చేవాళ్లు. వాళ్ల ఇంట్లోనూ అమ్మను అమ్మ అనే పిలుస్తారు. వాళ్ల పిల్లలు కూడా మిల్లులకు వెళ్లిపోయారు, వాళ్ల ముసలివాళ్లూ గుమ్మంలో ఒంటరిగా కూచున్నారు. తిన్నె మళ్లీ కట్టాలంటే ఈసారి మెట్లు రెండు వైపులా పెట్టి కట్టాలి. మాటవరసకు అంటున్నది కాదిది. మా ఇంట్లో జరిగినదే చెప్తాను, వినండి.

"ఎవురి కోసరం మింగేది?"

మా వారి చిన్న మేనత్తను మేమంతా చిన్నత్త అంటాం. డెబ్భై ఆరేళ్లు. ఆనైమలై దారిలో తోటలో ఇల్లు. మూడేళ్ల కిందట చిన్నమామ పోయారు. ఆవుల్ని అమ్మేశారు, కొబ్బరి తోపు గుత్తకిచ్చారు. కొడుకు కోయంబత్తూరులో ఉంటాడు. తీసుకుపోయి ఐదో అంతస్తులో గాలి వచ్చే గది ఇచ్చాడు. కోడలూ మంచిదే. అయినా నాలుగు నెలలకే తోటకు తిరిగొచ్చేసింది. "ఆడ పొద్దు ఎప్పుడు పొడిచేదీ, ఎప్పుడు మునిగేదీ తెలీదు" అంది. తర్వాత ఒక్క ఏడాదిలో తల తిరుగుతోందని, గుండె దడ అని, ఆకలి లేదని నాలుగుసార్లు ఆస్పత్రికి తిరిగింది. ప్రతిసారీ పరీక్షలు, ప్రతిసారీ బలానికి మాత్రలు.

తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం' అని ఒక పథకం పెట్టిన సంగతి మీకు తెలుసు. ప్రజల్ని వెతుక్కుంటూ వెళ్లే వైద్యం అని ఆ పేరుకు అర్థం. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. ఊరి ఆడవాళ్లే వాలంటీర్లుగా ఇంటింటికీ వచ్చి బి.పి. చూసి, షుగరు చూసి, నెల మందులిచ్చి పోతారు. చిన్నత్త ఇంటికి వచ్చే అమ్మాయి ఆ ఊరి కాలనీ పిల్ల. ఇంట్లో తెలుగే. ఒక నెల వచ్చినప్పుడు గూట్లో చూసి అడిగింది:

"అమ్మా, పోయిన నెల మాత్రలు సగం అట్నే ఉండాయే. మీరు మింగలేదా?"

"ఎవురి కోసరం మింగేది?" అంది చిన్నత్త.

ఆ అమ్మాయి గద్దించలేదు. నోటుపుస్తకంలో ఒక గీత గీసుకుని వెళ్లిపోనూ లేదు. గుమ్మం మెట్టు మీద కూచుని ముప్పావుగంట మాట్లాడి, ఆ సాయంత్రం మాకు ఫోన్ చేసింది.

కొడుకు గాభరాపడి పట్నంలో ఒక ధ్యానం క్లాసులో చేర్పించాడు. రోజూ కారు పంపాడు. చిన్నత్త రెండు రోజులు పోయింది, మూడో రోజు కారెక్కలేదు. "ఆడ అందురూ కండ్లు మూసుకోని కూచుంటారు. కండ్లు మూసుకోని కూచునేదానికి కారేసుకోని పొల్లాచ్చి దాకా పోవాల్నా? అది ఇంట్లోనే చేస్తా ఉండాను గదా!" అంది. మేం నవ్వాం గానీ ఆమె మాటలో సత్యం ఉంది. పోయిన చోట ఎవరూ ఆమెను పేరు పెట్టి పలకరించలేదు. ఆమె రాకపోతే ఆ క్లాసుకు ఏ లోటూ లేదు.

మరుసటి నెల మందుల అమ్మాయి వచ్చి వేరే మాట అడిగింది. "అమ్మా, మాకాడ బాలవాడిలో కొత్తగా చేరిన పిల్లోళ్లు కొందురికి తెలుగు తప్ప రాదు. టీచరమ్మకు అరవం తప్ప రాదు. పిల్లోళ్లు పొద్దస్తమానం ఏడుస్తా ఉండారు. మీరొచ్చి ఒక గంటసేపు కూచుంటారా?"

చిన్నత్త వెంటనే ఒప్పుకోలేదు. తోటకూ ఆ కాలనీకీ మధ్య అర మైలు కూడా లేదు. కానీ పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో ఆమె ఆ వీధిలో అడుగుపెట్టలేదు, ఆ వీధివాళ్లు ఈ ఇంటి తిన్నె ఎక్కలేదు. వారం రోజులు ఆ ఊసే ఎత్తలేదు. ఎనిమిదో రోజు పొద్దున్నే స్నానం చేసి, తల దువ్వుకుని, ఆ అమ్మాయికి కబురు పెట్టింది. అమ్మాయి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. నాలుగో రోజు చిన్నత్త ఒక్కతే కర్ర పట్టుకుని బయల్దేరింది.

అక్కడ ఆమె చేసేది పెద్ద విద్య ఏమీ కాదు. ఏడు చేపల కథ చెప్తుంది. చేతులు కడిగిస్తుంది. టీచరమ్మ అరవంలో చెప్పింది తెలుగులో చెప్పి, మళ్లీ అదే మాట అరవంలో పిల్లల చేత పలికిస్తుంది. టీచరమ్మ పైవాళ్ల దగ్గర అనుమతి తెచ్చి, ఆమె కోసం గోడవార ఒక కుర్చీ వేయించింది. పిల్లలు ఆమెను "అవ్వా" అంటారు. ఆ వీధిలో ఆమెను ఆ పిలుపు పిలిచినవాళ్లు అంతకు ముందు లేరు.

అద్భుతం జరిగిపోయిందని చెప్పను. మోకాలి నొప్పి అలాగే ఉంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తుంది, చిన్నమామ గుర్తొస్తే ఏడుస్తుంది. కానీ మాత్రల అట్టలు నెలాఖరుకు ఖాళీ అవుతున్నాయి. ఈ ఏడాదిలో ఆస్పత్రికి పోయింది ఒక్కసారే, కంటి పొర తీయించుకోవడానికి. రెండు రోజులు జ్వరం వచ్చి పోకపోతే, ముగ్గురు పిల్లలు వాళ్ల అమ్మల్ని వెంటబెట్టుకుని తోటకు వచ్చారు. చిన్నత్త వాళ్లను తిన్నె మీద కూచోబెట్టి, బెల్లం కాఫీ పెట్టించిందట. కొడుకు పొద్దున ఫోన్ చేస్తే "ఇప్పుడు పని ఉండాది, మాపిటికి చేయి" అని పెట్టేస్తోంది. వాడు ఆ సంగతి నాకు ఫిర్యాదు చేస్తున్నట్టే చెప్పాడు. గొంతులో సంతోషం మాత్రం దాచలేకపోయాడు.

మధ్య మనిషి

ఇప్పుడు ఇంగ్లండు పరిశోధకుల సందేహం దగ్గరికి వద్దాం. ధ్యానం క్లాసు కూడా మనుషుల చీటీయే, బాలవాడి కూడా మనుషుల చీటీయే. ఒకటి పనిచేయలేదు, ఒకటి పనిచేసింది. తేడా ఎక్కడుంది? మొదటిది ఆమెకు ఏదో చేయాలని పెట్టింది. రెండోది ఆమె చేత ఏదో కావాలని అడిగింది. పెద్దవాళ్లకు కాలక్షేపం కన్నా అక్కర ముఖ్యం. "నువ్వు రాకపోతే జరగదు" అనే చోటు ఒకటి ఉండాలి. ఇంకో తేడా, మొదటి మూడు రోజులు ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని నడవడం. చిరునామా రాసిచ్చి పొమ్మంటే చిన్నత్త ఎన్నటికీ పోయేది కాదు.

ఆ మధ్య మనిషికి పెద్ద చదువులు అక్కర్లేదని చూపిన అనుభవాలు మన దేశంలోనే ఉన్నాయి. గోవాలో అరవై దాటి, కొద్దిగా దిగులు లక్షణాలున్న 181 మందితో ఒక ప్రయోగం జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపారు. వాళ్లు నిద్ర గురించి, చిక్కుల్ని విడదీసుకోవడం గురించి మాట్లాడారు, రావలసిన ప్రభుత్వ సాయం అందేలా దారి చూపారు. ఏడాది తిరిగేసరికి ఇలా మనుషులు కలిసిన 91 మందిలో నలుగురు కుంగుబాటు జబ్బున పడితే, మామూలు వైద్యమే అందిన 90 మందిలో 13 మంది పడ్డారు.

ఆఫ్రికాలోని జింబాబ్వే కథ ఇంకా ముచ్చటైనది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు 2006లో 14 మంది అవ్వలకు శిక్షణ ఇచ్చి, ఆస్పత్రి ఆవరణలో చెట్టు కింద బెంచీల మీద కూచోబెట్టారు. దిగులుతో వచ్చినవాళ్లతో అవ్వలు మాట్లాడతారు. దాన్ని స్నేహపు బెంచీ అంటారు. 2016లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన, ఆ బెంచీ మీద కూచున్నవాళ్లలో దిగులు బాగా తగ్గిందని చూపింది. గమనించారా? అక్కడ అవ్వలు రోగులు కారు, మందు వాళ్లే.

మన దగ్గర మాత్రం అలాంటిది లేదా? సంక్రాంతికి ఉడుమలై, పొల్లాచ్చి పక్క పల్లెల్లో రాజకంబళం వాళ్ల సలగెరుదు ఆట చూసే ఉంటారు. ఉరుమి మోగితే ఎద్దు ముందు కుర్రవాళ్లు అడుగులేస్తారు. దేవరాట్టం కూడా అంతే. ఆ దరువు తెలిసిన పెద్దాయన పక్కన లేకపోతే కుర్రవాళ్ల అడుగు తప్పుతుంది. ఆ నాలుగు రోజులూ ఆయనకు నడుం నొప్పి గుర్తుకు రాదు. మనం చేయవలసింది ఆ నాలుగు రోజుల్ని ఏడాది పొడుగునా సాగదీయడమే.

ముందు చూసుకోవలసినవి

మనుషులు మందే గానీ, అన్నిటికీ అదే మందు కాదు. బి.పి., షుగరు మాత్రలు మానిపించి భజనకు పంపకండి. ఇంటి పెద్ద నలుగురిలోకి రావడం మానేశారంటే మొదట చెవి, కన్ను చూపించండి. మాట వినపడక, ప్రతిసారీ "ఏంది?" అని అడగలేక మూల కూచునేవాళ్లు చాలామంది. మూత్రం ఆపుకోలేక బయటికి రానివాళ్లున్నారు, సిగ్గుపడి చెప్పరు. ఒకసారి జారిపడి, ఆ భయంతో గడప దాటనివాళ్లున్నారు. వీటన్నిటికీ వైద్యం ఉంది. దారి మరిచిపోవడం, వండిన సంగతి మరిచి మళ్లీ వండటం లాంటివి కనిపిస్తే వయసు మీద తోసేయకుండా డాక్టరుకు చూపాలి. రెండు వారాలు దాటినా తిండి మీద, మనుషుల మీద, దేని మీదా మనసు లేకపోతే అది జబ్బు, సోమరితనం కాదు. చచ్చిపోతే బాగుండును అన్న మాట వస్తే ఆ రోజే కదలండి. టెలి మానస్ 14416, పెద్దల కోసం ఎల్డర్ లైన్ 14567 అని దేశమంతటికీ ఉచిత ఫోను నంబర్లున్నాయి. రాసి గోడకు అంటించండి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక మాట. రోజూ ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నావా? బి.పి. ఎంత?" అని అడుగుతారు. అడగండి, తప్పులేదు. దానితో పాటు వారానికి ఒక్కసారైనా ఆమెకు తెలిసి మీకు తెలియని సంగతి ఒకటి అడగండి. ఉలవచారు ఎట్లా కాచేది? చిన్నప్పుడు మీ ఊరి నుంచి పొల్లాచ్చి సంతకు ఎట్లా వచ్చేవాళ్లు? మన ఇంటిపేరు ఎక్కడిది? చెప్పేటప్పుడు ఆ గొంతు ఎలా మారుతుందో మీరే వింటారు.

మన సంఘానికి ఒక మనవి

మన సంఘం ఏటా ఉగాదికి పెద్దలకు శాలువాలు కప్పుతుంది. మంచిదే. మిగతా మూడువందల అరవైనాలుగు రోజుల కోసం నాదొక సూచన. వీధికి ఒక మధ్య మనిషి కావాలి. ఉద్యోగం కాదు, జీతం లేదు. ఆడైనా మగైనా, ఏ కులమైనా, ఓపిక ఉండి వినగలిగితే చాలు. ఆ వీధిలో తెలుగు మాట్లాడే పెద్దలు ఎవరెవరున్నారో తెలుసుకోవాలి. కాలనీలో ఉన్నవాళ్లను కూడా కలిపే సుమా! ఒక్కొక్కరి దగ్గర గంట కూచుని, ఏం చేయగలరో అడగాలి. ఒకరు విత్తనం ఎంచగలరు. ఒకరు లెక్కలు చెప్పగలరు. ఒకరికి పాటలు వచ్చు. ఒకరికి పది ఊళ్ల చరిత్ర నోటికి వచ్చు. వాటి అక్కర ఎక్కడుందో వెతికి, మూడుసార్లు తోడు వెళ్లాలి. ఆటోకు డబ్బు సంఘం ఇవ్వాలి.

ఇంకొకటి. మన ఆదివారం తెలుగు తరగతికి అక్షరాలు నేర్పే టీచరు దొరికారు గానీ, మాట నేర్పేవాళ్లు లేరు. తెలుగు చదవడం రాని అవ్వలకు మాట వచ్చు, చదవడం నేర్చుకుంటున్న పిల్లలకు మాట రాదు. ఇద్దరినీ ఒక చాప మీద కూచోబెడితే ఇద్దరి లోటూ తీరుతుంది. అవ్వ చెప్పిన మాటను పిల్ల రాసుకోవాలి. పిల్ల రాసింది చదివి వినిపిస్తే అవ్వ తప్పు దిద్దాలి. ఇందుకు పుస్తకాలూ అక్కర్లేదు, గ్రాంటూ అక్కర్లేదు.

ఉడుమలైపేట సోదరికి: అమ్మా, మీ అమ్మగారిని "ఎట్లా ఉన్నావు?" అని కాకుండా "నాకు ఈ పని చేసిపెడతావా?" అని అడిగి చూడండి. ముందు చెవి, కన్ను చూపించండి. తర్వాత మీ వీధిలో ఆమె అక్కర ఎవరికుందో వెతకండి. మూడు నెలలయ్యాక ఏమైందో నాకు రాయండి.

మధ్య మనిషిగా ఉండటానికి ముందుకు వచ్చేవాళ్లు మీ పేరు, వీధి రాసి సంఘం చిరునామాకు ఒక కార్డు వేయండి. ఆదివారం తరగతికి రాగలిగిన అవ్వలు, తాతలు ఎవరైనా మీ ఇంట్లో ఉంటే వారి సంగతి కూడా రాయండి. వచ్చే సంచికలో చెవి వినికిడి గురించి, వినికిడి యంత్రం కొనేముందు అడగవలసిన ప్రశ్నల గురించి చెప్పుకుందాం. అంతవరకు సెలవు.